అడవి అయిపోయినా ఊరు విడవని కలప వ్యాపారి

కలప వ్యాపారం మిగతా వ్యాపారాల వంటిది కాదు. దుకాణంలో సరుకు అయిపోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. పొలంలో పంట కోసుకుంటే వచ్చే ఏడు మళ్ళీ పండుతుంది. కానీ నూరేళ్ళు పెరిగిన మానును ఒక్క పూటలో కూల్చేశాక, అంతటి మాను మళ్ళీ కనిపించాలంటే మనుమల కాలం దాకా ఆగవలసిందే. అందుకే కలపతో బాగుపడిన ఊళ్ళకు ఏదో ఒకనాడు ఒకే కష్టం వస్తుంది. చుట్టుపక్కల నరకడానికి చెట్టు మిగలదు. అప్పుడు సంపాదించుకున్నవారు మూటాముల్లె సర్దుకుని వేరే చోటికి పోతారా? లేక తమను ఇంతవారిని చేసిన ఊరికి అండగా నిలబడతారా?

మన పాఠకుల్లో కలప అడితి, సామిల్లు, వడ్రంగం, ఫర్నిచర్ పనుల మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రంపపు పొట్టు వాసన తెలిసిన ఆ ఇళ్ళవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. నూట పాతికేళ్ళకు పైబడిన కిందట అమెరికాలో ఒక చిన్న ఊరి కలప వ్యాపారి దీనికి తన డబ్బుతో జవాబు చెప్పారు. ఆయన పేరు చార్లెస్ హెన్రీ హ్యాక్లీ. ఆ ఊరు మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్. ఆయన కథలో మనం నేర్చుకోదగినది ఉంది. జాగ్రత్త పడవలసినదీ ఉంది. రెండూ చెప్పుకుందాం.

కూలీగా మొదలైన జీవితం

హ్యాక్లీ 1837 జనవరి 3న ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీ అనే ఊళ్ళో పుట్టారు. తరువాత కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాకు చేరింది. కలిగిన ఇల్లు కాదు. పదిహేనేళ్ళు వచ్చేసరికి బడి మాని తండ్రితో పాటు పనిలోకి దిగవలసి వచ్చింది. 1856లో, పందొమ్మిదేళ్ళ వయసులో, తెరచాప ఓడ ఎక్కి మిషిగన్ సరస్సు దాటి మస్కీగన్‌లో దిగారు. అప్పటికి ఆయన జేబులో ఉన్నది ఏడు డాలర్లేనని స్థానిక చరిత్ర చెబుతుంది. దిగిన రోజే ఒక కలప మిల్లులో కూలీగా కుదిరారు.

యువకుడి చురుకుదనం యజమానుల కళ్ళబడింది. చలికాలంలో మిల్లు పని మందగించినప్పుడు ఆయన కెనోషా వెళ్ళి పద్దులు రాయడం నేర్చుకుని వచ్చారు. మరుసటి ఏడాది అదే మిల్లులో లెక్కలు రాసే గుమాస్తా అయ్యారు. 1857లో అమెరికాను పెద్ద ఆర్థిక సంక్షోభం కుదిపేసింది. ఎన్నో కంపెనీలు మూతపడ్డాయి. ఆయన పనిచేసిన కంపెనీ కూడా నిలవలేకపోయింది. అయితే 1859లో తండ్రీకొడుకులు మరొకరితో పొత్తు కలిసి మిల్లును తామే నడపసాగారు. అక్కడి నుంచి హ్యాక్లీ వెనక్కి చూడలేదు. 1881లో థామస్ హ్యూమ్ ఆయన భాగస్వామి అయ్యారు. హ్యూమ్ ఐర్లండ్ నుంచి వలస వచ్చినవారు. అంతకు ముందు అదే కంపెనీలో లెక్కలు రాసినవారు. గుమాస్తాగా పైకి వచ్చిన మనిషి మరో గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకోవడం గమనించదగిన విషయం.

నది మోసిన దుంగలు

ఆ రోజుల్లో మిషిగన్ ఉత్తర భాగమంతా తెల్ల పైన్ చెట్ల అడవి. ఒక్కో మాను నూటయాభై అడుగుల ఎత్తు దాకా పెరిగేది. కలప తేలికగా ఉంటుంది, నీటి మీద తేలుతుంది, రంపానికి సులువుగా లొంగుతుంది. ఇళ్ళు కట్టడానికి ఇంతకంటే అనువైనది లేదు.

చెట్లు నరకడం చలికాలంలో. నేల మీద మంచు గడ్డకట్టినప్పుడు జారుబళ్ళ మీద దుంగలను నది ఒడ్డుకు చేర్చి గుట్టలు పోసేవారు. వసంతంలో మంచు కరిగి నది పొంగగానే వాటిని నీళ్ళలోకి తోసేవారు. సుమారు 350 కిలోమీటర్ల పొడవున్న మస్కీగన్ నది ఆ దుంగలను మోసుకుని వచ్చి ఊరి పక్క సరస్సులో దింపేది. గోదావరి మీద తెప్పలు కట్టి కలపను రాజమండ్రికి దించిన కాలం గురించి పెద్దల నోట విన్నవారికి ఈ దృశ్యం ఊహకు అందుతుంది.

అయితే అందరి దుంగలూ ఒకే నదిలో కలిసి వస్తే ఎవరివి ఎవరివని తెలిసేదెలా? ప్రతి కంపెనీకి ఒక గుర్తు ఉండేది. ఇనుప సుత్తితో దుంగ చివర ఆ గుర్తు కొట్టేవారు. వాటిని వేరుచేసి ఎవరి మిల్లుకు వారివి చేర్చడానికి 1864లో ప్రత్యేకంగా ఒక కంపెనీయే ఏర్పడింది. వ్యాపారంలో పోటీదారులైన వారు ఈ పనిలో మాత్రం ఒకరినొకరు నమ్మవలసి వచ్చింది.

1871 అక్టోబరులో షికాగో నగరంలో మూడు రోజుల పాటు ఘోర అగ్నిప్రమాదం జరిగింది. పదిహేడు వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. లక్షమంది దాకా నిలువ నీడ లేనివారయ్యారు. నగరాన్ని మళ్ళీ కట్టాలంటే కలప కావాలి. సరస్సుకు ఈవల ఒడ్డునే ఉన్న మస్కీగన్ మిల్లులకు గిరాకీ పెరిగింది. 1880ల నాటికి ఊరి సరస్సు చుట్టూ నలభైకి పైగా మిల్లులు వెలిశాయి. 1887లో అక్కడ కోసిన కలప అరవై కోట్ల బోర్డు అడుగులు దాటింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్కను బోర్డు అడుగు అంటారు. మన సామిల్లుల లెక్కలో పన్నెండు బోర్డు అడుగులు ఒక సీఎఫ్‌టీ. అంటే ఒక్క ఏడాదిలో ఒక్క ఊళ్ళో అయిదు కోట్ల సీఎఫ్‌టీల కలప! ఆ చిన్న ఊళ్ళో పదుల సంఖ్యలో లక్షాధికారులు తయారయ్యారు. హ్యాక్లీ వారిలో ఒకరు.

అందరూ వెళ్ళిపోతుంటే

అంత వేగంగా నరికితే ఏ అడవి నిలుస్తుంది? 1887 దాటాక దుంగల రాక తగ్గసాగింది. ఒక్కొక్క మిల్లే మూతపడింది. యజమానులు కొందరు యంత్రాలు విప్పుకుని పడమటి రాష్ట్రాలకు, దక్షిణ రాష్ట్రాలకు తరలిపోయారు. కూలీలు పని వెతుక్కుంటూ ఊరు వదిలారు. 1890కీ 1900కీ మధ్య మస్కీగన్ జనాభా తగ్గింది. అమెరికాలో పట్టణాలు పెరుగుతున్న ఆ దశాబ్దంలో ఒక ఊరు చిక్కిపోవడమంటే అది ఎంత దెబ్బో అర్థం చేసుకోవచ్చు. కలప ఉన్నన్నాళ్ళు వెలిగి, కలపతో పాటే ఆరిపోయిన ఊళ్ళు ఆ రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి.

హ్యాక్లీ మిల్లు కూడా 1890ల నడుమ ఆగిపోయింది. ఆయనకూ, హ్యూమ్‌కూ ఇతర రాష్ట్రాల్లో అడవి భూములు ఉన్నాయి. కావాలంటే ఆయన కూడా వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ధనవంతుడి సంపదకు అసలు కారణం ప్రజలేనని, దాన్ని సంపాదించిన చోటే తిరిగి ఖర్చు పెట్టాలని, అదీ బతికి ఉండగానే చేయాలని ఆయన నమ్మిక.

ఆయన చేసినది దానం ఒక్కటే కాదు, ఉపాధి కూడా చూపించారు. ఊరి ప్రముఖులతో కలిసి కొత్త పరిశ్రమలను మస్కీగన్‌కు రప్పించే ప్రయత్నంలో ముందు నిలిచారు. పియానోలు తయారుచేసే చేస్ కంపెనీ ఆ ఊరికి వచ్చినప్పుడు అందులో పెట్టుబడి పెట్టారు. చేస్–హ్యాక్లీ పేరుతో పియానోలు తయారయ్యాయి. చెక్కపనిలో చేయి తిరిగిన కార్మికులున్న ఊరికి చెక్కతోనే మరో పని దొరికింది. దుంగను కోసి అమ్మడం వేరు, అదే చెక్కకు పనితనం చేర్చి అమ్మడం వేరు. రెండోదానికి తక్కువ చెట్లు చాలు, ఎక్కువ చేతులకు పని దొరుకుతుంది.

అసలు కదలని దానం

1888 మే 25న హ్యాక్లీ ఊరికి ఒక గ్రంథాలయం కోసం లక్ష డాలర్లు ఇస్తున్నట్లు ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు యాభై ఒకటి. ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ ధనవంతుల బాధ్యత గురించి ప్రసిద్ధ వ్యాసం రాసింది 1889 జూన్‌లో. అంటే ప్రపంచం ఆ మాట వినడానికి ఏడాది ముందే ఈ చిన్న ఊరి వ్యాపారి ఆ పని మొదలుపెట్టారన్నమాట. ఊరివారి సంతోషానికి అవధుల్లేవు. ఏటా మే 25ను హ్యాక్లీ దినంగా జరుపుకోవాలని పాఠశాలల బోర్డు నిర్ణయించింది. గ్రంథాలయం 1890లో తెరుచుకుంది. ఆ రాతి భవనంలో నేటికీ జనం పుస్తకాలు చదువుకుంటున్నారు.

ఆ తరువాత వరుసగా ఊరి నడుమ ఒక ఉద్యానవనం, ఒక బడి, చేతిపనులు నేర్పే శిక్షణ పాఠశాల, 1904లో తెరుచుకున్న ఆసుపత్రి వచ్చాయి. 1905 ఫిబ్రవరి 10న ఆయన కన్నుమూశారు. చిత్రకళ కోసం వీలునామాలో పాఠశాలల బోర్డుకు లక్షా యాభై వేల డాలర్లు రాశారు. ఆ సొమ్ముతో కొన్న చిత్రాలకు చోటు కల్పిస్తూ 1912లో ఒక కళామందిరం వెలిసింది. ఇప్పుడది మస్కీగన్ కళా మ్యూజియం.

ఇక్కడ మనం ముఖ్యంగా చూడవలసింది మొత్తాన్ని కాదు, పద్ధతిని. హ్యాక్లీ భవనం కట్టి చేతులు దులుపుకోలేదు. భవనంతో పాటు దాన్ని నడపడానికి నిధి ఏర్పాటు చేశారు. నిధి అసలు కదలకుండా ఉంటుంది. దాని మీద వచ్చే ఆదాయంతో పుస్తకాలు, జీతాలు, మరమ్మతులు సాగుతాయి. వక్ఫ్ అనే మాట తెలిసిన మన ఇళ్ళకు ఈ ఆలోచన పరాయిది కాదు. ఆయన మతం వేరు, ఆ దేశపు చట్టం వేరు. అయినా అసలును ఆపి ఫలాన్ని పంచాలన్న సూత్రం ఒక్కటే. రిబ్బను కత్తిరించిన మరుసటి ఏడాదికే తాళం పడిన భవనాలు మన ఊళ్ళలో ఎన్ని లేవు! గోడలు కట్టేవారు దొరుకుతారు. కరెంటు బిల్లు కట్టేవారే దొరకరు. హ్యాక్లీ ఆ బిల్లు గురించి కూడా ముందే ఆలోచించారు.

మరొక విషయం. ఆయన సొమ్మును ఎక్కువగా పాఠశాలల బోర్డు చేతికి అప్పగించారు. ఆ బోర్డు ఊరివారు ఎన్నుకున్నది. తానూ అందులో సభ్యుడిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. తన కుటుంబం గుప్పెట్లో ఉంచుకోకుండా, ఊరికి జవాబుదారీ అయిన సంస్థకు ఇచ్చారు. ఇచ్చినవారు పోయిన తరువాత కూడా సొమ్ము దారి తప్పకుండా ఉండాలంటే లెక్క అడిగేవారు ఉండాలి. పద్దులు రాసిన చేతికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా?

చేతికి పని నేర్పిన బడి

ఆయన ఇచ్చిన వాటిలో శిక్షణ పాఠశాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1890లలో అమెరికాలో ఇలాంటి బడులు కొత్త. మగపిల్లలకు వడ్రంగం, కమ్మరం, యంత్రాల పని, ఆడపిల్లలకు కుట్టు, వంట నేర్పేవారు. మిల్లులు మూతపడి తండ్రులు పని పోగొట్టుకున్న ఊళ్ళో పిల్లలకు ఇది ఎంత ఆసరానో వేరే చెప్పనక్కరలేదు. రంపం కింద దుంగ తోయడం ఒక్కటే తెలిసినవాడు మిల్లు ఆగితే రోడ్డున పడతాడు. యంత్రాన్ని విప్పి బిగించగలిగినవాడు ఎక్కడైనా నాలుగు రాళ్ళు సంపాదించుకుంటాడు. ఆ రోజుకు అన్నం పెట్టడం పుణ్యమే. మరో రోజు అడగవలసిన అవసరం లేకుండా చేయడం అంతకంటే పెద్ద మేలు.

లెక్కలో రెండో వైపు

ఇంతవరకు చెప్పి ఆపేస్తే కథ సగమే చెప్పినట్లవుతుంది. పద్దుల పుస్తకానికి రెండు వైపులుంటాయి కదా. ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

ఆ అడవులు మొదట ఒడావా, ఒజిబ్వే అనే స్థానిక జాతుల నేల. 1836 నాటి ఒప్పందంతో అందులో చాలా భాగం వారి చేతుల్లోంచి ప్రభుత్వానికి పోయింది. ఆ తరువాతే రంపాలు వచ్చాయి. మిల్లుల్లో పని పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా. తిరిగే రంపం దగ్గర వేళ్ళు, చేతులు పోగొట్టుకున్నవారు ఎందరో. 1885లో అదే రాష్ట్రంలోని శాగినా లోయలో మిల్లు కార్మికులు పది గంటల పనిదినం కోసం సమ్మె చేశారు. అంటే అంతకు ముందు వారి పని పది గంటలు దాటి ఉండేదని వేరే చెప్పాలా?

చెట్లు నరికినవారు మళ్ళీ నాటలేదు. కొమ్మలు, రెమ్మలు అడవిలోనే వదిలేసి పోయారు. అవి ఎండి చిదుగులై మంటలకు ఆహారమయ్యాయి. 1881 సెప్టెంబరులో ఆ రాష్ట్రపు తూర్పు భాగంలో చెలరేగిన కార్చిచ్చుకు 282 మంది బలయ్యారు. మిల్లుల పొట్టు, చెక్కముక్కలు మస్కీగన్ సరస్సు అడుగున మేటవేశాయి. నరికిన నేలలో కొంత భాగాన్ని 1938లో మనిస్టీ జాతీయ అరణ్యంగా ఏర్పాటుచేసి ప్రభుత్వమే మళ్ళీ అడవిని పెంచవలసి వచ్చింది. వ్యాపారులు తీసుకున్న అప్పును అర్ధ శతాబ్దం తరువాత ప్రజల సొమ్ముతో తీర్చినట్లయింది.

హ్యాక్లీ ఊరికి ఇచ్చారు. అడవికి ఇవ్వలేదు. ఆ కాలంలో అలా ఆలోచించినవారు బహు తక్కువ. అయినా లేకపోలేదు. అదే రాష్ట్రంలో గ్రేలింగ్ ఊరికి చెందిన ఒక కలప వ్యాపారి కుమార్తె కారెన్ హార్ట్‌విక్ 1927లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమిని రాష్ట్రానికి దానంగా ఇచ్చారు. గొడ్డలి పడని పాత పైన్ చెట్ల తోపు అందులో ఉంది. చనిపోయిన భర్త పేరు మీద అది హార్ట్‌విక్ పైన్స్ పార్కు అయింది. 1940లో పెనుగాలికి కొంత కూలిపోగా నలభై తొమ్మిది ఎకరాల తోపు మిగిలింది. హ్యాక్లీ కాలంనాటి అడవి ఎలా ఉండేదో చూడాలంటే నేడు అక్కడికే వెళ్ళాలి. ఊరికి హ్యాక్లీ, అడవికి ఆమె. ఇద్దరి పనీ కలిపితేనే కలప వ్యాపారి తిరిగి ఇవ్వవలసిన బాకీ పూర్తవుతుంది.

మన అడితుల సంగతి

మస్కీగన్‌కు వచ్చిన కష్టం మనకు మరో రూపంలో వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో అడవుల్లో చెట్ల నరికివేతకు దేశమంతటా గట్టి అడ్డుకట్ట పడింది. 2002లో, కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త సామిల్లులకు లైసెన్సులు ఇవ్వరాదని కోర్టు చెప్పింది. అడవి టేకు మీద ఆధారపడిన అడితులు ఇబ్బంది పడ్డ మాట నిజం. కానీ అడవి అంతా అయిపోయేదాకా ఆగి తరువాత ఏడవడం కంటే, ఉండగానే అదుపు పెట్టుకోవడం మేలు కాదా? నేడు అడితుల్లో విదేశీ దుంగలు, ప్లైవుడ్ కనిపిస్తున్నాయి. రైతులు పొలాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు పెంచుతున్నారు. నరకడానికి ముందు నాటే వ్యాపారం మొదలైందంటే దారి దొరికినట్లే.

ఇక ఊరికి తిరిగి ఇవ్వడం గురించి. లక్ష డాలర్లు మనందరి దగ్గరా ఉండవు. కానీ హ్యాక్లీ నుంచి తీసుకోదగిన పాఠాలకు లక్షలు అవసరం లేదు. సామిల్లులో పనిచేసే కుర్రవాడికి పద్దులు రాయడమో, యంత్రం బాగుచేయడమో నేర్పించవచ్చు. రంపానికి కవచం బిగించి కూలీ వేళ్ళు కాపాడవచ్చు. వీధి చివర మూతపడి ఉన్న గ్రంథాలయానికి నెలకు ఇంత అని కట్టి, అసలు కదలని చిన్న నిధిని నలుగురు కలిసి పోగుచేయవచ్చు. కోసిన ప్రతి దుంగకు బదులుగా ఊరి చెరువు గట్టున నాలుగు మొక్కలు నాటి, బతికేదాకా నీళ్ళు పోయించవచ్చు. ఇవన్నీ బతికి ఉండగా చేయదగినవి. వీలునామా దాకా వాయిదా వేయనక్కరలేనివి.

1888లో మస్కీగన్‌లో ఎందరో లక్షాధికారులు ఉండేవారు. ఊరు వదిలి వెళ్ళినవారిలో ఎక్కువమంది పేర్లు అక్కడి పిల్లలకు కూడా తెలియవు. హ్యాక్లీ పేరు మాత్రం గ్రంథాలయం గుమ్మం మీద ఉంది. ఆయనా, హ్యూమ్ కట్టుకున్న పక్కపక్క ఇళ్ళు ఇప్పుడు మ్యూజియం. ఆయన కట్టించిన ఆసుపత్రి వందేళ్ళకు పైగా ఆ పేరుతో నడిచి, 2008లో మరో ఆసుపత్రి సంస్థతో కలిసిపోయింది. రాతి మీద చెక్కిన పేరు ఎన్నాళ్ళుంటుందన్నది మన చేతిలో లేదు. సంపాదించిన ఊరికి ఎంత తిరిగి ఇచ్చామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.